రిఫరెన్సుల చిక్కులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

వైద్య జర్నళ్లకు వ్యాసాలు పంపుతున్న పాఠకులు ఈసారి అడిగిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకే విషయం మీద ఉన్నాయి. వ్యాసం పూర్తయింది, గణాంకాలు సరిపోయాయి, తీరా రిఫరెన్సుల దగ్గర పని ఆగిపోయింది. అందుకే ఈ శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాం.

జర్నల్ సూచనల్లో "వాంకూవర్ పద్ధతి పాటించండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. వెతికితే ఆరుగురు రచయితల పేర్లు రాయమని ఒక చోట, ముగ్గురు చాలని ఇంకో చోట ఉంది. ఇందులో ఏది అసలైన వాంకూవర్?
— జనరల్ మెడిసిన్ పీజీ విద్యార్థిని

మీకు దొరికినవి రెండూ వాంకూవర్ కిందికే వస్తాయి. 1978లో కొద్దిమంది వైద్య జర్నళ్ల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమై, రచయితలు ఒక్కో జర్నల్‌కు ఒక్కో తీరుగా వ్యాసాన్ని తిరగరాయనక్కర్లేకుండా ఉమ్మడి నియమాలు పెట్టుకున్నారు. అవి 1979లో అచ్చయ్యాయి. ఆ బృందమే ఇప్పటి ఐసీఎంజేఈ, అంటే వైద్య జర్నల్ సంపాదకుల అంతర్జాతీయ సంఘం. రిఫరెన్సుల నమూనాల కోసం ఆ సంఘం అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ పద్ధతి చూసుకోమంటుంది. ఆ లైబ్రరీ వాళ్ల "సైటింగ్ మెడిసిన్" ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి ఏఎంఏ పద్ధతి కూడా ఈ వంశంలోదే. కాకపోతే దానికి తనవైన అలవాట్లున్నాయి.

అన్నిటిలోనూ ఒకటిగా ఉండేవి ఇవి: వ్యాసంలో మొదట ప్రస్తావించిన క్రమంలో అంకెలు, ఇంటిపేరు తర్వాత చుక్కలు లేని ఇనిషియల్స్, వ్యాసం పేరులో మొదటి అక్షరం మాత్రమే క్యాపిటల్, జర్నల్ పేరు పొట్టిరూపం, ఆపైన సంవత్సరం, వాల్యూమ్, ఇష్యూ, పేజీలు. తేడాలు ఈ చట్రం లోపల కనిపిస్తాయి. మోడెర్నా కోవిడ్ వ్యాక్సిన్ ట్రయల్ నివేదిక న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 2021 ఫిబ్రవరి 4న వచ్చింది. నేషనల్ లైబ్రరీ నమూనా ప్రకారం దాని చివరి భాగం 2021;384(5):403-16 అవుతుంది. ఏఎంఏలో 2021;384(5):403-416 అని రాయాలి, ఎందుకంటే అక్కడ పేజీ అంకెలు కుదించరు. రెండు చోట్లా సంవత్సరం తర్వాత సెమికోలన్, ఇష్యూ బ్రాకెట్ తర్వాత కోలన్, వీటి మధ్య ఎక్కడా ఖాళీ ఉండదు. సంవత్సరం పక్కన నెల, తేదీ రాయడం మొదటి పద్ధతిలో ఉంది. అయితే వాల్యూమ్ అంతటా పేజీల వరస ఒకటే అయితే నెలను, ఇష్యూను వదిలేయవచ్చని కూడా ఆ నమూనాలు అంటాయి. ఏఎంఏలో నెల అక్కర్లేదు, ఇష్యూ మాత్రం ఉండి తీరాలి. జర్నల్ పేరు ఇటాలిక్‌లో పెట్టాలి.

రచయితల విషయంలో, ఐసీఎంజేఈ నమూనా మొదటి ఆరుగురి పేర్లు రాసి ఆ తర్వాత "ఎట్ ఆల్" (అంటే "తదితరులు") పెట్టమంటుంది. ఏఎంఏలో ఆరుగురి దాకా అందరినీ రాస్తాం. ఏడుగురు, అంతకుమించి ఉంటే ముగ్గురి పేర్లతో ఆపి "ఎట్ ఆల్" పెడతాం. మీకు కనిపించిన తేడా ఇదే.

ఇప్పుడు మీరు చేయాల్సింది: జర్నల్ సూచనల పేజీలో ఒక్క నమూనా రిఫరెన్స్ ఇచ్చి ఉన్నా దాన్నే ప్రమాణంగా పెట్టుకోండి. అదీ లేకపోతే ఆ జర్నల్ ఈ మధ్య ప్రచురించిన రెండు మూడు పరిశోధన వ్యాసాలు తెరిచి ఐదు విషయాలు నోట్ చేసుకోండి: ఎంతమంది రచయితలు, పేజీలు పూర్తిగా ఉన్నాయా కుదించారా, ఇష్యూ నంబర్ ఉందా, డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉందా, వ్యాసంలో అంకెలు సూపర్‌స్క్రిప్ట్‌గా, అంటే వరస కన్నా పైకి చిన్నగా ఉన్నాయా, బ్రాకెట్లలో ఉన్నాయా. రాతలో ఉన్న సూచనకూ అచ్చయిన వ్యాసానికీ పొసగకపోతే సూచననే నమ్మండి. అచ్చయినదాన్ని కాపీ ఎడిటర్లు తమ పద్ధతిలోకి మార్చి ఉంటారు.

పేరా కిందికి జరిపితే అంకెల వరస తప్పుతోంది. పైగా టేబుల్‌లో మాత్రమే వచ్చే రిఫరెన్సులకు ఏ నంబర్ ఇవ్వాలో తేలడం లేదు.
— కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్

మొదటి ప్రస్తావనకు వచ్చిన అంకే చివరిదాకా ఉంటుంది. నాలుగో రిఫరెన్స్‌ను చర్చాభాగంలో మళ్లీ వాడితే అక్కడా నాలుగే. వరుసగా ఉన్న అంకెలను హైఫన్‌తో కలపాలి, విడివిడిగా ఉన్నవాటి మధ్య కామా: 3-5,9. చేత్తో టైపు చేస్తే ఒక్క పేరా జరిపినా మొత్తం మార్చుకోవాలి కాబట్టి రిఫరెన్సులు ఇరవై దాటితే వాటిని దాచి, అంకెలు వేసిపెట్టే జోటెరో, ఎండ్‌నోట్, మెండలీ లాంటి సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి వాడక తప్పదు.

టేబుల్ సంగతి చాలామందికి తెలియదు, రివ్యూయర్లు కూడా తరచూ గమనించరు. టేబుల్‌లోనో బొమ్మ కింది వివరణలోనో మాత్రమే వచ్చే రిఫరెన్సులకు, ఆ టేబుల్‌ను వ్యాసంలో మొట్టమొదట ఎక్కడ పేర్కొన్నారో అక్కడి వరసలో అంకె రావాలి. "టేబుల్ 1 చూడండి" అనే మాట పదకొండో రిఫరెన్స్ తర్వాత వస్తే, టేబుల్ 1లోని కొత్త రిఫరెన్సులు పన్నెండు నుంచి మొదలవుతాయి. వాటి తర్వాత వ్యాసంలో వచ్చేది ఆ పై అంకె తీసుకుంటుంది.

సాఫ్ట్‌వేర్‌కు ఈ నియమం తెలియదు. ఫైల్లో ఏది ముందుంటే దానికే ముందు అంకె ఇస్తుంది. జర్నళ్లు టేబుళ్లను వ్యాసం చివర పెట్టమంటాయి కాబట్టి వాటిలోని రిఫరెన్సులకు చివరి అంకెలు పడతాయి. దీనికి తేలిక ఉపాయం ఉంది. రాసేటప్పుడు టేబుల్‌ను దాని ప్రస్తావన ఉన్న పేరా కిందే ఉంచండి. అంతా అయ్యాక సైటేషన్లను రిఫ్రెష్ చేసి, ఫైలును వేరే పేరుతో సేవ్ చేయండి. ఆ కాపీలో ఫీల్డులు (సైటేషన్లను సాఫ్ట్‌వేర్‌తో ముడిపెట్టే కోడ్‌లు) తీసేసి మామూలు అక్షరాలుగా మార్చి, అప్పుడు టేబుల్‌ను కత్తిరించి చివరికి తీసుకెళ్లండి. అంకెలు కదలవు.

అనుబంధ ఫైలులో వచ్చే రిఫరెన్సులను ప్రధాన జాబితాలో కలపకండి. జర్నల్ వేరేలా చెబితే తప్ప, వాటికి అక్కడే విడిగా జాబితా, విడిగా ఒకటి నుంచి అంకెలు పెట్టడం క్షేమం.

సూపర్‌స్క్రిప్ట్ అంకె ఫుల్‌స్టాప్‌కు ముందా, తర్వాతా?
— ఫిజియాలజీ ట్యూటర్

ఏఎంఏ పద్ధతిలో ఫుల్‌స్టాప్, కామాల తర్వాత. కోలన్, సెమికోలన్‌లకు మాత్రం ముందు. ఇంకో జాగ్రత్త కూడా కావాలి. కొలత పక్కన సూపర్‌స్క్రిప్ట్ పెడితే ప్రమాదం. "ప్లేట్‌లెట్లు 10" అనే చోట మూడో రిఫరెన్స్ అంకె తగిలిస్తే అది పది ఘనంగా, అంటే వెయ్యిగా చదువుకుంటారు. సెంటీమీటర్ల పక్కన రెండో రిఫరెన్స్ వస్తే చదరపు సెంటీమీటర్లవుతాయి. అలాంటిచోట వాక్యం తిప్పి, అంకెను అధ్యయనం పేరు పక్కకో రచయిత పేరు పక్కకో జరపండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక జోడిస్తే జాబితాలో "ఆర్గనైజేషన్ డబ్ల్యూహెచ్" అని వస్తోంది. ఎందుకు?
— పీడియాట్రిక్స్ పీజీ విద్యార్థి

సాఫ్ట్‌వేర్ ఆ సంస్థను మనిషి అనుకుంది. వరల్డ్, హెల్త్ అనేవి సొంతపేర్లు, ఆర్గనైజేషన్ ఇంటిపేరు అని లెక్కగట్టి, సొంతపేర్లను ఇనిషియల్స్‌గా కుదించింది. జోటెరోలో రచయిత పేరు పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే ఇంటిపేరు, సొంతపేరు అనే రెండు గడులూ ఒకే గడిగా మారతాయి. అందులో సంస్థ పూర్తి పేరు రాయండి. ఎండ్‌నోట్‌లో పేరు చివర ఒక కామా పెడితే చాలు, దాన్నంతా ఇంటిపేరుగానే తీసుకుంటుంది. మంత్రిత్వ శాఖలు, వృత్తి సంఘాలు, అధ్యయన బృందాలు అన్నిటికీ ఇదే మందు. వ్యక్తులతోపాటు బృందం కూడా రచయితగా ఉంటే, ఉదాహరణకు డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ రీసెర్చ్ గ్రూప్, ఆ బృందం పేరుకు ముందు సెమికోలన్ పెట్టాలి.

వ్యక్తుల పేర్లలో ఏది ఇంటిపేరో తెలియనప్పుడు ఊహించకండి. వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచిక అయిన పబ్‌మెడ్‌లో ఆ వ్యాసం రికార్డు ఎలా చూపిస్తే అలాగే రాయండి, ఎందుకంటే చదివేవారు అక్కడే వెతుకుతారు. జూనియర్ అనే మాట ఇనిషియల్స్ తర్వాత, కామా లేకుండా వస్తుంది.

జర్నళ్ల పొట్టిపేర్లు ఎక్కడ చూడాలి? పేరు మారిన జర్నల్ అయితే?
— మెడికల్ కాలేజీ లైబ్రేరియన్

నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ క్యాటలాగ్‌లో. ఒకే మాట ఉన్న పేరును కుదించరు: లాన్సెట్, సర్క్యులేషన్ అలాగే ఉంటాయి. లాన్సెట్ ముందు "ది" పెట్టరు. పొట్టిపేరులోని మాటల మధ్య చుక్కలుండవు, చివర ఒక్కటే ఉంటుంది. పేరు మారిన జర్నల్ విషయంలో, వ్యాసం అచ్చయిన నాటి పేరే రాయాలి. ఆర్కైవ్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ 2013లో జామా ఇంటర్నల్ మెడిసిన్‌గా మారింది. 2005 నాటి వ్యాసానికి కొత్త పేరు వేస్తే ఆ వాల్యూమ్, ఆ పేజీ దొరకవు. జోటెరోలో డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్ తెరిచి మెడ్‌లైన్ పొట్టిపేర్లు వాడమనే గడిలో టిక్ పెడితే చాలావరకు అదే చూసుకుంటుంది.

కొన్ని వ్యాసాలకు పేజీలే లేవు. డీఓఐ, పీఎంఐడీ, పీఎంసీఐడీ, ఇన్ని నంబర్లలో ఏది ఇవ్వాలి?
— కార్డియాలజీ రెసిడెంట్

ఆన్‌లైన్ జర్నళ్లు పేజీలకు బదులు వ్యాసానికో సంఖ్య ఇస్తాయి, తరచూ దానిముందు "ఇ" అక్షరం ఉంటుంది. పేజీల చోట దాన్నే యథాతథంగా రాయండి. పీడీఎఫ్ మీద కనిపించే "1 నుంచి 9" అనేవి పేజీలు కావు, ఆ ఫైలు లోపలి వరస మాత్రమే. చాలా జాబితాల్లో ఈ పొరపాటు కనిపిస్తుంది. అనుబంధ సంచిక అయితే ఆ విషయం వాల్యూమ్ పక్కన రావాలి, పేజీ అంకెల ముందున్న "ఎస్" అక్షరాన్ని తీసేయకూడదు.

ఇక నంబర్లు. డీఓఐ ఎప్పుడూ 10తో మొదలవుతుంది, వ్యాసం ఏ వెబ్‌సైటుకు మారినా దానివెంటే వెళుతుంది. పీఎంఐడీ పబ్‌మెడ్ రికార్డు సంఖ్య. పీఎంసీఐడీ అయితే పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి వ్యాసం ఉందని అర్థం. జర్నల్ ఏదీ అడగకపోయినా డీఓఐ మాత్రం మీ లైబ్రరీలో ఉంచుకోండి, ముందుముందు తనిఖీలన్నీ దాంతోనే జరుగుతాయి. ఏఎంఏలో డీఓఐ తర్వాత ఫుల్‌స్టాప్ పెట్టకూడదు. పెడితే అది కూడా నంబర్లో భాగమనుకుని లింకు తెగిపోతుంది. పాత జాబితాలో డీఓఐలు లేకపోతే, వాటిని నమోదుచేసే క్రాస్‌రెఫ్ సంస్థ వెబ్‌సైటులోని సింపుల్ టెక్స్ట్ క్వెరీలో జాబితా మొత్తం పేస్టు చేయండి, దొరికినవన్నీ ఉచితంగా ఇస్తుంది. ముందస్తుగా ఆన్‌లైన్‌లో వచ్చిన వ్యాసానికి వాల్యూమ్ ఇంకా కేటాయించి ఉండదు. డీఓఐతో రాయండి, ప్రూఫు (అచ్చుకు ముందు సరిచూడమని పంపే కాపీ) వచ్చిన రోజు మళ్లీ చూసి వాల్యూమ్ పడిందేమో సరిచేయండి.

ముగ్గురం కలిసి ఒకే వర్డ్ ఫైల్లో రాస్తున్నాం. ఒకే వ్యాసం జాబితాలో 12గానూ 27గానూ వస్తోంది. కొన్ని శీర్షికలు మొత్తం క్యాపిటల్స్‌లో ఉన్నాయి. కొట్టేసిన రిఫరెన్స్ కూడా జాబితాలోంచి పోవడం లేదు.
— సర్జరీ విభాగం నుంచి ముగ్గురు

మీరు చెప్పిన మూడింటికీ కారణాలు వేరువేరు. ఒకే వ్యాసానికి రెండు అంకెలు పడ్డాయంటే ఫైల్లో ఉన్నవి రెండు వేర్వేరు రికార్డులు. ఇద్దరు రచయితలు తమతమ సొంత లైబ్రరీల నుంచి చొప్పిస్తే జోటెరో వాటిని రెండుగానే చూస్తుంది. గ్రూప్ లైబ్రరీ ఒకటి తయారుచేసి, అందరూ అందులోంచి మాత్రమే సైటేషన్లు పెట్టండి. ఒకే లైబ్రరీలో రెండు కాపీలుంటే డూప్లికేట్ ఐటమ్స్ అనే విభాగంలో మెర్జ్ చేయండి. చేత్తో ఒకదాన్ని డిలీట్ చేయకండి, అలా చేస్తే వర్డ్ ఫైల్లో దానికి ఉన్న సంబంధం తెగిపోతుంది. ఒకరు ఎండ్‌నోట్, ఇంకొకరు జోటెరో వాడుతూ ఒకే ఫైల్లో రాయడం మాత్రం మానుకోండి. ఒకదాని ఫీల్డులు మరొకదానికి కనిపించవు, రెండు అంకెల వరసలు పుడతాయి.

క్యాపిటల్స్ సమస్య దిగుమతి చేసిన చోటు నుంచి వస్తుంది. ప్రచురణకర్త పేజీ శీర్షికను ఎలా ఇస్తే అలాగే లైబ్రరీలోకి వస్తుంది. జోటెరోలో టైటిల్ గడి మీద రైట్ క్లిక్ చేసి ట్రాన్స్‌ఫార్మ్ టెక్స్ట్‌లో సెంటెన్స్ కేస్ (మొదటి అక్షరం మాత్రమే క్యాపిటల్) ఎంచుకోండి. అంతటితో వదిలేయకూడదు. అది జన్యువుల పేర్లను, డీఎన్ఏ లాంటి సంక్షిప్త పదాలను, ఊళ్ల పేర్లను కూడా చిన్నక్షరాలు చేసే అవకాశం ఉంది. ఒక్కొక్కటీ కంటితో చూడాలి. శీర్షికలను లైబ్రరీలో ఎప్పుడూ సెంటెన్స్ కేస్‌లోనే దాచుకోండి. దాన్ని టైటిల్ కేస్‌కు, అంటే ముఖ్యమైన ప్రతి మాటా క్యాపిటల్‌తో మొదలయ్యేలా మార్చడం సాఫ్ట్‌వేర్‌కు వచ్చు, టైటిల్ కేస్ నుంచి సెంటెన్స్ కేస్‌కు మార్చడం మాత్రం సరిగ్గా రాదు.

కొట్టేసిన రిఫరెన్స్ పోకపోవడానికి కారణం ట్రాక్ చేంజెస్. ఆ మార్పును ఆమోదించేదాకా సైటేషన్ ఫీల్డు ఫైల్లోనే ఉంటుంది, జోటెరో దాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. మార్పులన్నీ ఆమోదించాక రిఫ్రెష్ చేయండి. రివిజన్ పంపేటప్పుడు ట్రాక్ చేసిన కాపీలోనూ శుభ్రమైన కాపీలోనూ అంకెలు వేరుగా ఉంటే సంపాదకుడు తికమకపడతాడు. కాబట్టి ముందు శుభ్రమైన కాపీ తయారుచేసి, వర్డ్‌లోని కంపేర్ సౌకర్యంతో పాత కాపీతో పోల్చి మార్పుల కాపీ తీయడం మంచిది.

జాబితాను చేత్తో దిద్దవద్దు. మీరు దిద్దిన కామా తర్వాతి రిఫ్రెష్‌లో మాయమవుతుంది. తప్పును లైబ్రరీ రికార్డులోనే సరిచేయాలి. చివరి కాపీలో అన్‌లింక్ సైటేషన్స్ నొక్కి మామూలు అక్షరాలు చేశాకే చేతి దిద్దుబాటు, అదీ అసలు ఫైలు వేరుగా భద్రపరిచాక.

ఒక రివ్యూ వ్యాసంలో మంచి గణాంకం దొరికింది. దానికి రివ్యూలో ఇచ్చిన అసలు అధ్యయనాన్నే నేరుగా రిఫరెన్స్‌గా రాసుకోవచ్చా?
— సైకియాట్రీ పీజీ విద్యార్థి

తెరిచి చదివితే రాసుకోవచ్చు. చదవకుండా రాయకూడదు. ఈ అలవాటు వల్ల ఎంత దూరం వెళ్లొచ్చో వైద్య చరిత్రలోనే ఉంది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదే ఐదు వాక్యాల ఉత్తరం వచ్చింది. ఆసుపత్రిలో చేరి నార్కోటిక్ మందులు తీసుకున్న 11,882 మంది రోగుల్లో, అంతకుముందు వ్యసనం లేనివారిలో స్పష్టంగా నమోదైన వ్యసనం నలుగురిలోనే కనిపించిందని అందులో ఉంది. ఆసుపత్రిలో ఉన్నవారు, వైద్యుల కళ్లెదుట ఇచ్చిన మందులు. అంతకుమించి ఆ ఉత్తరం ఏమీ నిరూపించలేదు. 2017లో అదే జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ఆ ఉత్తరాన్ని ఉటంకించిన 608 ప్రచురణలను పరిశీలిస్తే, 72.2 శాతం దాన్ని "ఓపియాయిడ్లతో వ్యసనం అరుదు" అనడానికి సాక్ష్యంగా వాడుకున్నాయి. 80.8 శాతం ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న సంగతే చెప్పలేదు. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. ఉత్తరం తెరిచి ఐదు వాక్యాలు చదివితే అర నిమిషం పట్టేది.

అసలు అధ్యయనం చేతికి రాకపోతే రివ్యూనే రిఫరెన్స్‌గా ఇచ్చి, ఆ సంఖ్య రివ్యూలోదని వాక్యంలో తెలిసేలా రాయండి. దొరికితే మూడు విషయాలు సరిచూడండి: ఆ సంఖ్య అందులో నిజంగా ఉందా, ఎవరిలో కొలిచారు, రచయితలు దాని గురించి ఏ మాట అన్నారు. "సంబంధం ఉంది" అన్నదాన్ని "కారణం" అని ఉటంకించడం వరసలో తప్పు కామా ఉండటం కన్నా ఎన్నో రెట్లు పెద్ద తప్పు.

ప్రీప్రింట్, సదస్సులో చదివిన పత్రం, ఆమోదం పొందినా అచ్చుకాని వ్యాసం, ఒక నిపుణుడు ఫోన్లో చెప్పిన మాట. వీటిలో ఏవి జాబితాలో పెట్టొచ్చు?
— మైక్రోబయాలజీ పరిశోధకురాలు

ప్రీప్రింట్, అంటే జర్నల్ సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన వ్యాసం, పెట్టొచ్చు. అయితే అది ప్రీప్రింట్ అని రిఫరెన్స్‌లోనే కనబడాలి. సబ్మిట్ చేసే ముందు అది జర్నల్‌లో వచ్చిందేమో చూడండి. ప్రీప్రింట్లు ఉంచే మెడ్‌ఆర్కైవ్, బయోఆర్కైవ్ పేజీల్లో ప్రచురితమైన వ్యాసానికి లింకు సాధారణంగా కనిపిస్తుంది. వచ్చి ఉంటే దాన్నే ఉదహరించండి, ఫలితాలు మారాయేమో కూడా చూసుకోండి. ఆమోదం పొందిన వ్యాసాన్ని "ప్రచురణలో ఉంది" అనే గుర్తుతో జాబితాలో పెట్టవచ్చు, ఆమోద పత్రం దగ్గర ఉంచుకోండి. పంపారు గానీ ఆమోదం రాలేదంటే జాబితాలోకి రాదు. సదస్సు సారాంశాలను రిఫరెన్సులుగా వాడవద్దని ఐసీఎంజేఈ చెబుతుంది, తప్పనిసరైతే వాక్యంలోనే బ్రాకెట్లో పేర్కొనాలి. నిపుణుడి మాట కూడా అంతే: బ్రాకెట్లో పేరు, తేదీ, దానికి ముందు ఆయన రాతపూర్వక అనుమతి, మీరు రాసింది సరిగ్గా ఉందన్న ధ్రువీకరణ. ఆ సమాచారం బయట ఎక్కడా దొరకనప్పుడే ఈ దారి పట్టండి.

వెబ్‌పేజీలకు సంస్థ పేరు, పేజీ పేరు, ప్రచురించిన లేదా నవీకరించిన తేదీ, మీరు చూసిన తేదీ, చిరునామా ఉండాలి. చూసిన రోజే, వెబ్‌పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ కాపీ దాచండి. మార్గదర్శకాల పేజీలు చెప్పాపెట్టకుండా మారిపోతుంటాయి.

ఉపసంహరించిన వ్యాసం నా జాబితాలో ఉందని రివ్యూయర్ పట్టుకున్నాడు. ముందే తెలుసుకోవడం ఎలా?
— అనస్థీషియా రెసిడెంట్

జాబితాలో ఉపసంహరణకు గురైన వ్యాసాలు లేకుండా చూసుకునే బాధ్యత రచయితదేనని ఐసీఎంజేఈ స్పష్టంగా చెబుతోంది. ఉపసంహరణ గురించే మాట్లాడుతుంటే తప్ప వాటిని ఉదహరించకూడదు. పాతవే కదా ఉపసంహరించేది అనుకోవద్దు. టీకాలకు ఆటిజానికి ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ వ్యాసాన్ని 2010లో గానీ ఉపసంహరించలేదు. అదే లాన్సెట్‌లో 2020 మే 22న వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ వ్యాసాన్ని జూన్ 4కల్లా ఉపసంహరించారు. ఆ కొద్దిరోజుల్లో పీడీఎఫ్ దించుకుని లైబ్రరీలో దాచుకున్నవారి కాపీ మీద ఏ గుర్తూ ఉండదు. అసలు ప్రమాదం ఇదే, దాచుకున్న పీడీఎఫ్ తనంతట తాను మారదు.

జోటెరో, డీఓఐ లేదా పీఎంఐడీ ఉన్న రికార్డులను, ఉపసంహరణలను నమోదుచేసే రిట్రాక్షన్ వాచ్ సమాచారంతో పోల్చి ఎర్ర గుర్తుతో హెచ్చరిస్తుంది. డీఓఐ నింపుకోమని పైన అన్నది ఇందుకు కూడా. పబ్‌మెడ్ రికార్డు పైన కూడా ఉపసంహరణ నోటీసు కనిపిస్తుంది. మొదటిసారి పంపేముందు ఒకసారి, రివిజన్ పంపేముందు ఒకసారి, ప్రూఫు దగ్గర మరొకసారి చూడండి. తప్పుల సవరణ నోటీసులను కూడా అప్పుడే గమనించండి, మీరు తీసుకున్న సంఖ్యే మారి ఉండొచ్చు.

చాట్‌బాట్‌ను అడిగితే రిఫరెన్సులు చక్కగా వాంకూవర్‌లో ఇచ్చింది. వాడొచ్చా?
— ఎంబీబీఎస్ హౌస్ సర్జన్

ఒక్కొక్కటీ మీరే వెతికి పట్టుకునేదాకా వాడొద్దు. అవి చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉంటాయో అంత మోసం చేయగలవు: నిజమైన జర్నల్, ఆ రంగంలో నిజంగా ఉన్న రచయితలు, లేని వ్యాసం. కొన్నిసార్లు వ్యాసం ఉంటుంది, వాల్యూమో సంవత్సరమో వేరే వ్యాసానిది. తనిఖీకి పబ్‌మెడ్‌లోని సింగిల్ సైటేషన్ మ్యాచర్ చాలు. జర్నల్ పేరు, సంవత్సరం, వాల్యూమ్, మొదటి పేజీ ఇవ్వండి. ఏమీ రాకపోతే, లేదా మరో శీర్షిక వస్తే, ఆ రిఫరెన్స్‌ను తీసేయండి. డీఓఐ నొక్కితే వేరే వ్యాసం తెరుచుకోవడం కూడా అదే లక్షణం. ఇక చాట్‌బాట్ ఇచ్చిన రాతనే మూలంగా ఉదహరించడం ఐసీఎంజేఈ ప్రకారం ఆమోదయోగ్యం కాదు.

రివ్యూయర్ తన ఐదు వ్యాసాలను ఉదహరించమన్నాడు. రెండింటికే మా విషయంతో సంబంధం ఉంది.
— ఈఎన్‌టీ అసోసియేట్ ప్రొఫెసర్

ఆ రెంటినీ చదివి, నిజంగా ఉపయోగపడితే చేర్చండి. మిగతా మూడు ఎందుకు చేర్చలేదో జవాబు పత్రంలో మర్యాదగా, ఒక్కో వ్యాసానికి ఒక్కో వాక్యంలో రాయండి. తన సైటేషన్లు పెంచుకోవడం కోసమే ఇలాంటి సూచనలు చేయవద్దని ప్రచురణ నైతికత మీద పనిచేసే కోప్ సంస్థ రివ్యూయర్లకే చెబుతుంది. ఇబ్బందిగా అనిపిస్తే సంపాదకుడికి విడిగా రాయవచ్చు, వినే సంపాదకులు చాలామందే ఉంటారు.

రిఫరెన్సుల ఫార్మాట్ తప్పితే వ్యాసం తిరస్కరిస్తారా? ప్రూఫు దశలో ఒక రిఫరెన్స్ చేర్చాలంటే?
— పాథాలజీ పీజీ విద్యార్థిని

కామాల కోసం ఎవరూ తిరస్కరించరు. ఎల్సెవియర్ సహా అనేక ప్రచురణ సంస్థల జర్నళ్లు మొదటిసారి పంపేటప్పుడు ఏ పద్ధతిలో ఉన్నా తీసుకుంటాయి, మొదటి నుంచి చివరిదాకా ఒకే పద్ధతి ఉంటే చాలంటాయి. సొంత పద్ధతిని రివిజన్ దగ్గర అడుగుతాయి. అయితే సూచనల్లో రిఫరెన్సుల సంఖ్యకు పరిమితి ఉంటే దాన్ని మాత్రం మొదటిరోజే పాటించాలి. ఆఫీసు పరిశీలనలోనే వెనక్కి పంపే అవకాశం ఎక్కువగా ఉండేది అక్కడే.

సబ్మిట్ బటన్ నొక్కే ముందు, ఆ వ్యవస్థ తయారుచేసే పీడీఎఫ్ తెరిచి చూడండి. సూపర్‌స్క్రిప్ట్‌లు మామూలు అంకెలైపోయి వాక్యంలో కలిసిపోవడం, పేర్లలోని ప్రత్యేక అక్షరాలు ప్రశ్నార్థకాలవడం అక్కడే బయటపడుతుంది. ప్రూఫు దశలో కొత్త రిఫరెన్స్ చేర్చడాన్ని చాలా జర్నళ్లు ఒప్పుకోవు. తప్పనిసరైతే అంకెలన్నీ మీరే మార్చేయకండి. ఏ వాక్యం దగ్గర, ఏ రిఫరెన్స్ తర్వాత, ఏది రావాలో ఒక్క నోట్‌లో రాసి కాపీ ఎడిటర్‌కు వదిలేయండి. వాళ్ల ఫైల్లో అంకెలు లింకులతో ముడిపడి ఉంటాయి, మీరు చేత్తో మార్చిన అంకె పాత రిఫరెన్స్‌కే తీసుకెళుతుంది.